నీళ్లు కొట్టిన చెయ్యి

పోయిన బుధవారం మూడో పీరియడ్ అయ్యాక ఫోను చూసుకుంటే ఆలూరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే నీళ్లక్క బిడ్డ ఎత్తింది.

"మేడం, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది, గట్లనే పోయింది. రేపు పదకొండుకు మట్టి చేస్తున్నం. మీకు చెప్పాలె అని ఎప్పుడో చెప్పి పెట్టింది."

గొంతులో ఏడుపు లేదు. వాళ్లమ్మ పెంపకం అట్లాంటిది.

స్టాఫ్ రూములో అట్లాగే కూర్చుండిపోయాను. పక్కనున్న హిందీ టీచర్ "ఎవరు మేడం, బంధువులా?" అని అడిగింది. "మా ఇంటికి నీళ్లు కొట్టిన మనిషి" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. తోటమాలి అనుకున్నట్టుంది, "అయ్యో" అని ఊరుకుంది.

ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పోశాక, గోడ లేపాక, సిమెంటు పూశాక, ఆ పచ్చి పనిని రోజుల తరబడి తడుపుతూనే ఉండాలి. తడపకపోతే సిమెంటు గట్టిపడదు, ఎండిపోతుంది. గట్టిపడటం వేరు, ఎండిపోవడం వేరు అని నాకు చెప్పింది ఆమే. నేను పిల్లలకు సైన్సు చెబుతాను, అయినా ఆ తేడా నాకు అంతకుముందు తెలియదు. భుజానికి పైపు చుట్టుకుని, చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాల కట్టుకుని రోజంతా ఆ పనే చేసేది. సైటులో అందరూ నీళ్లక్క అనేవాళ్లు. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. తన పేరు తానే చెప్పుకోవాలనే మనిషి ఆమె.

నాలుగేళ్ల కింద మేం ఇల్లు వెతుకుతున్నాం. అప్పటికి మణికొండలో కిరాయికి ఉండేవాళ్లం. నా బడి మొయినాబాద్ వైపు, మా ఆయన ఆఫీసు గచ్చిబౌలిలో. మొయినాబాద్ అప్పటికే ఫ్యాషన్ అయిపోయింది. ఆదివారం తెల్లారితే రోడ్డు నిండా హెల్మెట్లు పెట్టుకున్న సైకిళ్లు. కూరగాయల మడుల మధ్య కాఫీ హోటళ్లు, గుర్రపు స్వారీ నేర్పే చోట్లు, మట్టికుండలు చేయడం నేర్పే తరగతులు, పెళ్లిళ్ల రిసార్టులు. మా ఆయన ఆఫీసులో ఎవరిని కదిపినా "అక్కడ ఒక విల్లా చూసిపెట్టుకున్నాం" అనే మాటే. మాకూ ఆ గాలి సోకింది. చేవెళ్ల వైపు పోయే దారిలో లోపలికి రెండు కిలోమీటర్లు పోతే ఒక కొత్త వెంచరు. నలభై విల్లాలు, క్లబ్బు హౌసు, ఈతకొలను. పదిహేడో నంబరు చూడగానే మా ఆయన పడిపోయాడు. తూర్పు ముఖం, మూలబిట్టు, ఎదురుగా పార్కు. వారంలో అగ్రిమెంటు చేసుకోకపోతే వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారని సేల్స్ అబ్బాయి రోజుకు రెండుసార్లు ఫోను చేసేవాడు.

రెండోసారి చూడ్డానికి పోయిన శనివారం పొద్దున, ఆ అబ్బాయి ఫోను మాట్లాడుకుంటూ అవతలికి పోయాడు. మా ఆయన పడకగది కొలతలు తీస్తున్నాడు. నేను బయటికొచ్చి నిలబడ్డాను. పక్క సందులోని ఇంటి స్లాబు మీద ఒకామె గట్టిగా పాట పాడుకుంటూ నీళ్లు కొడుతోంది. చర్చి పాట. పైపు మూతిని బొటనవేలితో సగం మూసి, నీటిని విసనకర్రలా విప్పి అటూ ఇటూ తిప్పుతోంది. కాళ్లకు చెప్పుల్లేవు. ఎండకు స్లాబు కాలుతుందేమోనని, "అక్కా, కాళ్లు కాలుతలేవా?" అని అడిగాను.

"చెప్పులేసుకోని నడిస్తె అది ఎంత కాగిందో నాకెట్ల తెలుస్తది?" అంది పైనుంచి. తర్వాత పాట ఆపి నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇల్లు గొంటున్నరా? ఏదీ?"

"పదిహేడు."

ఆమె పైపును ఇంకోవైపు తిప్పుకుంది. "మంచిగున్నది," అంది. కాస్త ఆగి, "సూడనీకి," అంది.

ఆ ఒక్క మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఇంటికొచ్చాక మా ఆయనతో అంటే నవ్వేశాడు. సోమవారం నాకు మధ్యాహ్నం క్లాసులు లేవు. బడి నుంచి ఒక్కదాన్నే సైటుకు పోయాను. ఆమె మెట్ల కింద కూర్చుని సద్ది తింటోంది. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"వస్తరనుకున్న," అంది. "వచ్చినోళ్లందరు కబోర్డులు తెరిచి సూస్తరు. నల్లా తిప్పుతరు. ఒక్కరన్న మెడ లేపి పైకి సూడరు. మీరు శనివారం నాడు సూసిండ్రు."

నేను పైకి చూసింది ఆమెతో మాట్లాడటానికే గానీ స్లాబు కోసం కాదు. ఆ మాట చెప్పలేదు.

"పదిహేడుకు ఏమైంది అక్కా?"

"ఏమైతది? దూపైంది." దూప అంటే దాహం. ఆమె తిన్న గిన్నె కడిగి బోర్లించి తీరిగ్గా చెప్పింది. ఆ ఇంటికి స్లాబు పోసింది నడి ఎండాకాలం. బోరు ఎండిపోయింది. ట్యాంకర్లతో తెప్పిద్దామంటే పెళ్లిళ్ల కాలం, ట్యాంకర్లన్నీ రిసార్టులకే పోయాయి. "తొమ్మిది పొద్దులు చుక్క నీళ్లు లేవు టీచరమ్మా. నేను పైపు పట్టుకోని గా స్లాబు మీదనే కూసున్న. సూపరైజర్‌కు చెప్తె, కొట్టినట్టు రాస్త తియ్ అన్నడు. పద్దెనిమిదికి గూడ గదే కత."

"మరి ఎవ్వరికీ చెప్పలేదా?"

"అడిగినోళ్లకు చెప్పిన. మీరే ముందుగాల అడిగిండ్రు."

ఈ సంగతి మేం బయట పెడితే ఆమె పని పోతుంది. అది నాకు తెలుసు. అందుకే "నీ పేరు రానియ్యను అక్కా" అన్నాను. ఆమెకు కోపమొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. కనుబొమ్మలు రెండూ కలిసిపోయాయి.

"ఎందుకు రానియ్యరు? దొంగతనం జేసిన్నా? నీళ్లక్క చెప్పిందనుండ్రి. పేరు వెట్టే చెప్పుండ్రి."

మా ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒక కూలీ మాట పట్టుకుని ఇంత మంచి ఇల్లు వదులుకుంటామా అన్నాడు. కొంటే పదేళ్లుగా కూడబెట్టినదంతా దాని మీదే పెట్టాలి కదా, అడగడానికేం నష్టం అన్నాను నేను. చివరికి ఇద్దరం కలిసి బిల్డరు ఆఫీసుకు పోయాం. బిల్డరు పెద్దవయసాయన. మా మాట అంతా విని, ఇంజనీరుతో రిజిస్టరు తెప్పించి మా ముందు పెట్టాడు. పదిహేడో నంబరు స్లాబుకు ఇరవై ఒక్క రోజులు నీళ్లు కొట్టినట్టు వరసగా రాసి, సూపర్‌వైజర్ సంతకాలు పెట్టి ఉన్నాయి. మా ఆయన నా వైపు చూశాడు. బిల్డరు ఆమెను పిలిపించాడు.

ఆ ఆఫీసులో ఏసీ, మధ్యలో అద్దాల పెట్టెలో నలభై ఇళ్ల చిన్న నమూనా, నేల మీద మెరిసే తెల్లరాయి. ఆమె పని మధ్యలోంచి నేరుగా వచ్చింది. చీర కుచ్చెళ్లు దోపుకునే ఉన్నాయి. తలుపు దగ్గర నుంచి మా వరకు తడి పాదాల గుర్తులు పడ్డాయి. సూపర్‌వైజర్ అది చూసి మొహం చిట్లించాడు.

"నువ్వు చెప్పినవా వీళ్లకు?" అని అడిగాడు బిల్డరు.

"చెప్పిన సార్."

"రిజిస్టర్ల ఇరవై ఒక్క రోజులున్నది గద."

"రాసిన చెయ్యి వేరు సార్, నీళ్లు కొట్టిన చెయ్యి వేరు."

సూపర్‌వైజర్ ఏదో అనబోయాడు. బిల్డరు చేయెత్తి ఆపాడు. ఆమె ఆగలేదు. "నా మాట నమ్మకుండ్రి. పదిహేడు మీద మడి కట్టి నీళ్లు నిలవెడుదం. రేపు కింద నిలవడి మీరే సూడుండ్రి," అంది.

ఇంజనీరు కలగజేసుకున్నాడు. పైకప్పు మీద నీరు దిగకుండా వేసే పూత ఇంకా వేయలేదని, అది వేశాక ఏ ఇంట్లోనూ చెమ్మ రాదని, ఇప్పుడు నీళ్లు నిలబెడితే ఏదో ఒకటి కనిపిస్తుందని చెప్పాడు. విన్నవాళ్లకు అదీ న్యాయంగానే ఉంది.

"ముప్పై ఒకటికి గూడ వెయ్యలేదు గద సార్ పూత," అంది ఆమె. "దాని మీద గూడ నిలవెడుదం. రెండిట్ల సూడుండ్రి."

ఒక్కదాన్నే చూస్తే ఏమీ తేలదు, పక్కన అలాంటిదే ఇంకొకటి పెట్టి చూడాలి అని నేను ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతున్నాను. సగంమందికి ఎక్కదు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

రెండు స్లాబుల మీదా వరిమడికి కట్టినట్టు చుట్టూ మట్టిగట్లు కట్టి ఆమే నీళ్లు నింపింది. మర్నాడు పొద్దున్నే పోయాం. పదిహేడో నంబరు పడకగది పైకప్పు మీద చెట్టుకొమ్మల్లా తడి గీతలు దిగాయి. మా ఆయన కొలతలు తీసిన గది అదే. అక్కణ్నుంచి ముప్పై ఒకటికి నడిచాం. అక్కడ పైకప్పు ఒట్టి బూడిదరంగులో, పొడిగా ఉంది. బిల్డరు బల్ల ఎక్కి తన అరచేతితో తానే తడిమి చూశాడు.

"ముప్పై ఒకటి వానకాలంల పోసిండ్రు," అంది ఆమె నా పక్కన నిలబడి. "నేను కొట్టింది తక్కువ, వాన కొట్టింది ఎక్కువ."

ముప్పై ఒకటి వెనకవైపు వరసలో ఉంది. పార్కు కనపడదు. ప్రహరీ అవతల క్యారెట్ చేను. మేం దాన్నే కొన్నాం. బిల్డరు పదిహేడు స్లాబు కొట్టేసి మళ్లీ పోయిస్తానని మా ముందే చెప్పాడు, నెలలోపు పోయించాడు కూడా. ఆ మాట నిలబెట్టుకున్నాడు కాబట్టే అతని దగ్గర కొనడానికి మాకు మనసొప్పింది.

ఆమె పని మాత్రం పోయింది. బిల్డరు తీసేయలేదు. సూపర్‌వైజరే మర్నాటి నుంచి పిలవడం మానేశాడు. ఆలూరు పోయి వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. రేకుల ఇల్లు. గడప ముందు కూర్చుని, నీళ్లలో నాని ఒరుసుకుపోయిన కాలివేళ్ల సందుల్లో కొబ్బరినూనె, పసుపు కలిపి రాసుకుంటోంది.

"నా మూలంగానే గద అక్కా," అన్నాను.

"మీ మూలంగ ఏం గాలె. ముడిమ్యాల ఊరి మేస్త్రి పిలుస్తున్నడు, సోమారం నుంచి ఆడికి పోత. ఫికర్ జేయకుండ్రి." తలెత్తి చూసి నవ్వింది. "వీళ్లు గూడ పిలుస్తరు. సూస్తుండుండ్రి. పిలిస్తె పోత గని అడుక్కోని పోను."

నిజంగానే మూడు వారాల తర్వాత బిల్డరు కారు పంపించాడు. ఆమె కారెక్కలేదు. ఒక మాట చెప్పి పంపింది: నీళ్ల రిజిస్టరు తన చేతికిస్తేనే వస్తానని. ఆమె బడికి పోలేదు. పెద్దయ్యాక చర్చిలో సాయంత్రాలు కూర్చుని బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్చుకుంది. అందుకే అక్షరాలు పెద్దపెద్దగా, ఒక్కొక్కటీ విడివిడిగా రాసేది. ఆ రిజిస్టరు ఒకసారి చూశాను. "ఇయ్యాల రెండుసార్లు కొట్టిన." "ఇయ్యాల కొట్టలె, ట్యాంకర్ రాలె." "ఇయ్యాల కొట్టలె, నాకు జరమొచ్చింది." ఆ వెంచరులో ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లకు బిల్డరు తర్వాత్తర్వాత ఆ రిజిస్టరే చూపించేవాడు. కొట్టని రోజులు కూడా రాసి ఉండటం చూసి జనం నమ్మేవాళ్లు.

మా గృహప్రవేశానికి ఆమెను పేరుపెట్టి పిలిచాను. తెల్లచీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని వచ్చింది. పెద్ద గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ అతను ఆపి, పనివాళ్ల గేటు అటు పక్కన ఉందని చూపించాడు. గేటు నుంచి ఫోను రాగానే నేను పరుగున పోయేసరికి ఆమె అతనికి పాఠం చెబుతోంది. గొంతు పెంచలేదు.

"బాబూ, పనికొచ్చిన్నాడు ఆ గేటు. పిలిస్తె వచ్చిన్నాడు ఈ గేటు. నేను రెండూ ఎరుగుదు. పుస్తకంల రాస్కో, ముప్పై ఒకటోళ్ల సుట్టం అని."

అతను రాసుకున్నాడు.

ఇంట్లోకి వచ్చినవాళ్లంతా వంటగదిలోని కొత్త అల్మారాలు, నేల రాయి, మెట్ల రెయిలింగు చూస్తున్నారు. ఆమె ఒక్కో గది గోడకు అరచెయ్యి ఆనించి, వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని ముందుకు నడిచింది. మా అత్తగారు వింతగా చూసి "ఆమె ఏం చేస్తోంది?" అని నన్నడిగారు. గోడల్ని పలకరిస్తోందని చెప్పాను.

గొడవ భోజనాల దగ్గర వచ్చింది. పద్దెనిమిదో నంబరు అమ్మాయి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. చిన్న వయసు, ఐటీ ఉద్యోగం, ఎంతో మురిపెంగా ఇల్లు సర్దుకుని అప్పటికి రెండు నెలలు. సరదాగా "మా ఇల్లు ఎట్లుంది అక్కా?" అని అడిగింది. బిల్డరు పదిహేడుతో పాటు పద్దెనిమిదీ బాగు చేయిస్తానన్నాడు. అయితే అది అప్పటికే అమ్ముడైపోయింది. అమ్మిన ఇంటి సంగతి ఎందుకు కదపాలని ఊరుకున్నట్టున్నాడు. మేమూ మా ఇంటి హడావుడిలో పడి ఆ మాట మరిచిపోయాం. అది ఇప్పటికీ నాకు సిగ్గే.

"మీకు చెప్పలేదా?" అంది నీళ్లక్క ముద్ద కలుపుతూ. "మీ ఇల్లు దూప మీదున్నది బిడ్డా. పై గదిల నైరుతి మూలకు సూడు."

ఆ పిల్ల చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. కళ్లనిండా నీళ్లు. లేచి వెళ్లిపోయింది. వచ్చిన చుట్టాలు గుసగుసలాడుకున్నారు. నాకు కోపం వచ్చింది. వంటగదిలోకి పిలిచి, "ఇయ్యాలనే చెప్పాల్నా అక్కా? తినేటప్పుడు?" అన్నాను.

"అడిగింది గద."

"మెల్లగ చెప్పొచ్చు గద."

"మెల్లగ చెప్తె మెల్లగ ఇంటరు," అంది. క్షమాపణ చెప్పలేదు. చెప్పే మనిషీ కాదు. పాయసం అడిగి ఇంకో గ్లాసు పోయించుకుని తాగి వెళ్లిపోయింది.

పద్దెనిమిదివాళ్లు మాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఈలోగా వాన మొదలైంది, నైరుతి మూల చెమ్మ దిగింది. ఆ అమ్మాయి బిల్డరు మీదికి పోయి, పట్టుబట్టి పైకప్పు అంతా బాగు చేయించుకుంది. పని జరిగినన్ని రోజులూ నీళ్లు కొట్టింది ఎవరో చెప్పక్కర్లేదు. తర్వాత ఒకరోజు సాయంత్రం ఆ ఇద్దరూ పద్దెనిమిదో నంబరు ఇంటి మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ కనిపించారు. ఒకరినొకరు ఏమన్నా అనుకున్నారో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత మా వాట్సాప్ గ్రూపులో ఎవరి చుట్టాలు ఇల్లు కొనబోయినా ముందు నీళ్లక్క నంబరు అడగడం మొదలైంది. దొంతన్‌పల్లి వైపు, శంకర్‌పల్లి వైపు కూడా కార్లలో తీసుకుపోయేవాళ్లు. ఆమె కారులో ముందు సీట్లోనే కూర్చునేది. బాగున్న ఇంటిని బాగుందని చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచించేది కాదు. బాగాలేనిదాన్ని బాగాలేదనడానికీ అంతే. తన గొప్ప తాను చెప్పుకోవడంలో కూడా మొహమాటం లేదు. "నా అంత చెవి ఈ మండలంల ఎవలికి లేదు" అనేది. టైల్స్ వేసేవాళ్లంటే చులకన. "ఆల్లది పౌడరు పని" అనేది.

ఇతరుల ఇళ్లకు నీళ్లు కొట్టిన ఇరవై ఏళ్లూ ఆమె రేకుల కిందే ఉంది. రెండేళ్ల కింద వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఫోను చేసింది. "టీచరమ్మా, ఆదివారం నా ఇంటికి స్లాబు. చర్చి అయినంక రాండ్రి."

రేకులు పీకేసి, అదే జాగాలో రెండు గదులూ ఒక వరండా లేపింది. ముడిమ్యాల మేస్త్రి చేయించాడు. అతను పేరున్న మేస్త్రి, కానీ ఆ రోజు నోరెత్తలేదు. కంకర ఆమె కడిగించింది, ఇసుక ఆమె జల్లించింది, కలిపే నీళ్లు ఎక్కువయ్యాయని ఒక విడత మొత్తం పక్కన పారబోయించింది. మేస్త్రి నా దగ్గరికొచ్చి, "మేడం, ముప్పై ఏండ్లల గింత భయపడుకుంట ఏ స్లాబు పొయ్యలె," అన్నాడు. అన్నాడే గానీ మొహంలో సంతోషమే ఉంది.

నాలుగో రోజు మళ్లీ పోయాను. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపింది. గోడల దగ్గర నా చేతికి పైపిచ్చి, "జర మీరు గూడ కొట్టుండ్రి," అంది. బొటనవేలు పెట్టి నీళ్లు విప్పబోతే నా మొహం మీదికే కొట్టాయి. పక్కవాళ్లంతా బయటికొచ్చి చూసేంత గట్టిగా నవ్వింది. తర్వాత వెనక నిలబడి నా వేలిని తన వేలితో సరిచేసింది. ఆమె బొటనవేలు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, మెత్తగా ఉంది. "మొక్కకు పోసినట్టు గాదు. పసిపిల్లకు తానం జేయించినట్టు. మీద వడాలె గని తగలొద్దు," అంది. గోడ తడుస్తుంటే వచ్చిన ఆ వాసనలో ఇద్దరం గోడ చివరిదాకా కొట్టుకుంటూ పోయాం.

ఇరవై ఎనిమిది రోజులు ఎవ్వరినీ లోపల కాలు పెట్టనీయలేదు. బిడ్డ చేవెళ్ల దవాఖానలో నర్సు. అక్కడే కిరాయికి ఉండేది. ఆమెను కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపించింది.

ఆమెకు గుండె జబ్బు బయటపడింది ఈ ఎండాకాలం. పని మానమన్నారు. మానింది. పైపు మాత్రం చుట్టి మంచం పక్కనే పెట్టుకుంది. జూన్‌లో చూడ్డానికి పోయినప్పుడు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నగరం నుంచి వచ్చాడు. వెనక ఉన్న చేను కొన్నాడట, వారాంతపు ఇళ్లు కట్టి అమ్ముతాడట. దారికి ఆమె జాగా కావాలి. మర్యాదస్తుడే. ఎక్కడైనా దీనికి రెట్టింపు జాగాలో కొత్త ఇల్లు ఇప్పిస్తానంటున్నాడు.

"ఎన్ని ఇండ్లున్నయి బిడ్డా నీకు?" అని అడిగింది ఆమె.

ఆయన నవ్వి, "నాలుగున్నయమ్మా," అన్నాడు.

"ఎన్నిట్ల పండుకుంటవు?"

"ఒకదాంట్లనే."

"మరి నాకు నాలుగు లేవు. పండుకునేటందుకు ఒక్కటే ఉన్నది." దమ్ము తీసుకోవడానికి ఆగింది. "మందికి ఎన్నో ఇండ్లు నిలవెట్టిన. అన్ని అమ్మేటియే. నా ఇష్టం కొద్ది కట్టించుకున్నది గిదొక్కటి. ఇయ్య."

ఆయన ఇంకో రెండు మాటలు చెప్పబోయాడు. ఆమె కళ్లు మూసుకుంది. నిద్ర వచ్చి కాదు. మాట అయిపోయిందని. ఆయన కాసేపు కూర్చుని, లేచి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగాక ఒక కన్ను తెరిచింది. "పోయిండా?" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అదే ఆమెను చివరిసారి చూడటం.

గురువారం మేం ఆలూరు చేరేసరికి పదిన్నర. ఆమెను ఉంచిన పెట్టెను వరండాలో పెట్టారు. చర్చివాళ్లు పాడుతున్నారు. మా కాలనీ నుంచి రెండు కార్లలో వచ్చారు. పద్దెనిమిదో నంబరు అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. పెద్ద గేటు దగ్గర ఆమెను ఆపిన సెక్యూరిటీ అతను డ్యూటీ మార్చుకుని వచ్చాడు. మేస్త్రి తన మనుషులు పన్నెండుమందితో వచ్చాడు. బిల్డరు కూడా వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, వెనక ఎక్కడో నిలబడ్డాడు.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే వాన అందుకుంది. చినుకులు కాదు, ఒక్కసారిగా కుండపోత. వాకిట్లో వేసిన షామియానా బొజ్జలా కిందికి దిగి ఒక పక్క కూలిపోయింది. "లోపలికి రాండ్రి, లోపలికి రాండ్రి," అని ఆమె బిడ్డ అందరినీ పిలిచింది. నలుగురు పెట్టెను ఎత్తి లోపలి గదిలో పెట్టారు. మిగిలినవాళ్లం ఆ రెండు గదుల్లోకి, వరండాలోకి సర్దుకున్నాం. యాభైమందికి పైనే ఉంటాం. భుజానికి భుజం తగులుతోంది. బిల్డరు, సెక్యూరిటీ అతను ఒకే మూలకు ఒదిగి నిలబడ్డారు. పైన వాన మోత. మాట వినపడక పాస్టరు ప్రార్థన ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అరగంట దాకా అది తగ్గలేదు. మేస్త్రి మెడ లేపి పైకప్పును ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. ఒకసారి చూసి, మళ్లీ చూశాడు. తర్వాత తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు. నా పక్కన ఆమె బిడ్డ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "మేడం, చేవెళ్లల ఇల్లు ఖాళీ చేస్తున్న. వచ్చే నెల నుంచి ఈడనే ఉంట," అంది. అప్పుడు ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను. మా మీద ఒక్క చుక్క పడలేదు.